ఆపమన్న తేదీకి విలువ ఉండాలి

మా నాన్న తెనాలి ఇంట్లోని బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్ తీసేయమని కంపెనీకి ఫోన్ చేసింది 2025 జూన్ 6, శుక్రవారం. ఆ రోజు ఏకాదశి. ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నానంటే అందుకు కారణం ఆయన వంటింటి గోడకున్న క్యాలెండరు. జిల్లా పరిషత్తు హైస్కూల్లో ముప్పై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పిన ఆయనకు, పాలవాడికి ఇచ్చిన డబ్బు దగ్గర్నుంచి గ్యాస్ బుక్ చేసిన రోజు దాకా ప్రతిదీ తేదీ గడిలోనే పెన్సిలుతో రాసుకోవడం అలవాటు. జూన్ 6 గడిలో, ఏకాదశి అన్న అక్షరాల కింద, “నెట్ ఆపమన్నాను, ఉ. 10.20” అని రాసి, దాని పక్కనే కంపెనీవాళ్లు చెప్పిన ఫిర్యాదు నంబరు సన్నటి అంకెల్లో వేసుకున్నారు. ఆ తరవాత ఐదు నెలల పాటు మాకు ఆధారంగా నిలబడింది ఆ ఒక్క గడే.

అమ్మ పోయాక ఆయన ఆ ఇంట్లో ఒక్కరే ఉండేవారు. చలికాలంలో జారిపడి తుంటి ఎముక విరగడంతో, కోలుకున్నాక ఇక ఒంటరిగా ఉంచకూడదని హైదరాబాదులో మా ఇంటికి తీసుకురావాలని నిర్ణయించుకున్నాం. ఇంటికి తాళం పడుతోంది కాబట్టి కరెంటు ఒక్కటి ఉంచి, పాలు, పేపరు, నెట్ ఆపించే పని ఆయనే పెట్టుకున్నారు. పాలు, పేపరు ఒక్క మాటతో ఆగిపోయాయి. నెట్ కోసం కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే మొదట మాట్లాడిన అబ్బాయి ఎంతో మర్యాదగా విని ఇంకొకరికి కలిపాడు. ఆ రెండో వ్యక్తి మూడు నెలలు సగం అద్దెకే ఇస్తామన్నాడు. ఇంట్లో మనిషే ఉండరని నాన్న చెబితే, కనెక్షన్‌ను కొత్త చిరునామాకు మార్చుకోమన్నాడు. అమ్మాయి ఇంట్లో వేరే కనెక్షన్ ఉందని చెబితే మళ్లీ సగం అద్దె దగ్గరికే వచ్చాడు. మూడుసార్లు వద్దన్నాక, పద్నాలుగు నిమిషాలు గడిచాక, నంబరు చెప్పి, రెండు రోజుల్లో స్థానిక ఆఫీసు నుంచి ఫోన్ వస్తుందన్నాడు. ఫోన్ వచ్చింది. మూడేళ్ల క్రితం ఆ కనెక్షన్ పెట్టిన కుర్రాడే చేశాడు. “మాస్టారూ, నేనే వచ్చి రౌటర్ తీసుకెళ్తాను, మీరెక్కడికీ తిరగొద్దు” అన్నాడు. నాలుగు రోజులు ఎదురుచూశాం. చివరికి రౌటర్‌ను ఊడదీసి, వైర్లు చుట్టి, పాత తువ్వాల్లో మూటగట్టి అటక మీద పెట్టి, తాళం చెవి పక్కింటివాళ్లకు అప్పగించి, జూన్ 12న బయలుదేరాం.

జూలై మొదటి వారంలో 706 రూపాయల 82 పైసల బిల్లు నాన్న ఫోనుకు వచ్చింది. 599 రూపాయల అద్దె, దాని మీద 18 శాతం జీఎస్టీ. నేను ఫోన్ చేసి అడిగితే, ఆపమన్న అభ్యర్థన తమ రికార్డుల్లో ఎప్పుడో ముగిసిపోయిందని, వినియోగదారుడు కొనసాగడానికి ఒప్పుకున్నట్టు నమోదై ఉందని చెప్పారు. మరోసారి చేస్తే, రౌటర్ తమ చేతికి వచ్చేదాకా కనెక్షన్ ఆపడం కుదరదన్నారు. రౌటర్ తీసుకోవలసింది స్థానిక ఆఫీసువాళ్లని కంపెనీ అంది. తమకు పైనుంచి ఆ పని రాలేదని స్థానిక ఆఫీసు అంది. ఆగస్టులో రెండో బిల్లు, సెప్టెంబరులో మూడోది వచ్చాయి. ఆ నెలాఖరున, 2,120 రూపాయల 46 పైసల బకాయి వెంటనే కట్టకపోతే చట్టపరమైన చర్య తీసుకుంటామన్న సందేశం వచ్చింది. కనెక్షన్ పెట్టిన రోజు రౌటర్ కోసం కట్టించుకున్న 1,500 రూపాయల డిపాజిట్ ఊసు అందులో ఎక్కడా లేదు. ఎవరికీ రూపాయి బాకీ ఉండని మనిషి ఆ సందేశం నాకు చూపించి, “కట్టేద్దామమ్మా, ఈ వయసులో నాకు కోర్టులెందుకు” అన్నారు. ఇలా భయపడి కట్టేసినవాళ్లు మా బంధువుల ఇళ్లలోనే నలుగురున్నారు. ఆ రోజే దీన్ని చివరిదాకా పట్టుకోవాలనుకున్నాను.

ఈ ఐదు నెలల్లో చదివినదీ, అడిగి తెలుసుకున్నదీ, అనుభవించినదీ కలిపి చూస్తే నాకు తేలిన విషయం ఒక్కటే. ఫోన్ గానీ, ఇంటర్నెట్ గానీ ఆపమని వినియోగదారుడు చెప్పిన తేదీయే బిల్లుకు ఆఖరి తేదీ కావాలి. ఆ తరవాత రౌటర్ ఎవరు తీసుకెళ్లాలి, రికార్డులో ఎవరు ఏమి నమోదు చేయాలి, స్థానిక ఆఫీసుకు కబురు ఎప్పుడు అందుతుంది అన్నవి కంపెనీ తన ఇంట్లో తాను సర్దుకోవలసిన పనులు. అవి ఆలస్యమైనందుకు అద్దె కట్టవలసింది వినియోగదారుడు కాదు. వినడానికి ఇది చాలా మామూలు మాటలా ఉంటుంది గానీ, మన నియమాల్లో ఈ మాట ఇంత సూటిగా నాకు ఎక్కడా కనిపించలేదు.

మొబైల్ నంబరు విషయంలో మాత్రం ఈ దేశం దాదాపు ఇలాంటి పనే చేసి చూపించింది. నంబరు మారకుండా కంపెనీ మారే సదుపాయం, అంటే పోర్టింగ్, 2010 నవంబరు 25న హర్యానాలో మొదలై, 2011 జనవరి 20న దేశమంతటికీ వచ్చింది. మొదట్లో అది ఒక టెలికాం సర్కిల్ (ఫోన్ సేవల కోసం దేశాన్ని విడదీసిన ప్రాంతాల్లో ఒకటి) లోపలే పనిచేసేది. 2015 జూలై 3 నుంచి సర్కిళ్లు దాటి కూడా వీలైంది. రాష్ట్రం రెండైనా టెలికాం లెక్కల్లో ఆంధ్రప్రదేశ్ సర్కిల్ రెండు తెలుగు రాష్ట్రాలకూ ఉమ్మడిదే కాబట్టి, తెనాలి నంబరును హైదరాబాదులో పోర్ట్ చేయించినా అది ఒకే సర్కిల్ లోపలి మార్పే అవుతుంది, మూడు పనిదినాల్లో పూర్తికావాలి. హైదరాబాదు నంబరుతో బెంగళూరు వెళ్లి అక్కడ మార్చుకుంటే ఐదు పనిదినాలు.

ఆ పద్ధతి ఎందుకు పనిచేస్తోందో కాస్త ఆగి చూడాలి. 1900 నంబరుకు పోర్ట్ అని రాసి, ఖాళీ వదిలి, మన నంబరు వేసి ఎస్సెమ్మెస్ పంపితే ఎనిమిది అక్షరాల కోడ్ వస్తుంది. ఒకప్పుడు ఆ కోడ్‌ను ఇచ్చేది మనం వదిలిపెట్టాలనుకుంటున్న కంపెనీయే. కోడ్ ముందు ఇచ్చి, కొత్త కంపెనీకి దరఖాస్తు పెట్టుకున్నాక తీరిగ్గా కారణం చూపి తిరస్కరించే వీలు దానికి ఉండేది. 2019 డిసెంబరు 16న అమల్లోకి వచ్చిన సవరణ ఆ వరసను తిరగేసింది. ఇప్పుడు కోడ్ ఇచ్చేది మధ్యలో ఉన్న పోర్టింగ్ సంస్థ. మన అర్హతను పాత కంపెనీ దగ్గర ముందే సరిచూసుకుని, అన్నీ సవ్యంగా ఉంటేనే కోడ్ ఇస్తుంది. కాదనడానికి పాత కంపెనీకి ఉన్న కారణాలన్నీ నియమావళిలో లెక్కపెట్టి రాసి ఉన్నాయి: ఆ కంపెనీలో 90 రోజులు నిండకపోవడం, గడువు దాటిన పోస్ట్‌పెయిడ్ బకాయి, నంబరు పేరు మార్పు దరఖాస్తు పెండింగులో ఉండడం, కోర్టు వ్యవహారం, ఒప్పందంలో ముందే రాసుకున్న నిష్క్రమణ షరతు లాంటివి. సిమ్ మోసాలు పెరగడంతో, సిమ్ మార్చుకున్న ఏడు రోజుల దాకా కోడ్ ఇవ్వకూడదన్న నియమం 2024 జూలై 1 నుంచి వచ్చింది. వీటికి వెలుపల ఇంకే కారణమూ చెల్లదు. మనల్ని బతిమాలే అవకాశం ఉండవచ్చు గానీ, మన అభ్యర్థనను “ముగిసింది” అని నమోదు చేసి పక్కన పెట్టే అధికారం పాత కంపెనీ చేతిలో లేదు. తక్కువ ధర రీఛార్జుల్లో ఎస్సెమ్మెస్ సదుపాయం తీసేసి, దానివల్ల పోర్టింగ్ సందేశమే వెళ్లని పరిస్థితి వచ్చినప్పుడు, ఏ రీఛార్జులో ఉన్నవాళ్లకైనా 1900కు సందేశం వెళ్లి తీరాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2021 డిసెంబరులో ఆదేశించింది. హక్కు కాగితం మీద ఉంటే చాలదని, అది నడిచే దారి కూడా తెరిచి ఉండాలని ఆ ఆదేశం ఇచ్చినవాళ్లు గుర్తించారు. అందుకు వారిని మెచ్చుకోవాలి.

కంపెనీని వదలకుండా ప్లాన్ మాత్రమే మార్చుకునేవాళ్లకు కూడా మొబైల్‌లో కొంత రక్షణ ఉంది. ఒక టారిఫ్ ప్లాన్‌లో చేరితే ఆరు నెలల దాకా కంపెనీ దాన్ని మనకు నష్టం కలిగేలా మార్చకూడదు. మనం మాత్రం ఆ ఆరు నెలల్లో ఎప్పుడైనా వేరే ప్లాన్‌కు వెళ్లవచ్చు. నెల అని చెప్పి 28 రోజులే ఇవ్వడం వల్ల ఏడాదికి పన్నెండు కాక పదమూడు రీఛార్జులు అవుతున్నాయన్న ఫిర్యాదు చాలాకాలం నడిచాక, 30 రోజుల ప్లాన్ ఒకటి, ప్రతి నెలా అదే తేదీకి రీఛార్జు చేసుకునే ప్లాన్ ఒకటి తప్పనిసరిగా ఉంచాలని 2022 జనవరిలో ఉత్తర్వు వచ్చింది. డేటా అక్కర్లేనివాళ్ల కోసం మాటలకూ ఎస్సెమ్మెస్‌లకూ మాత్రమే విడిగా రీఛార్జులు ఉండాలని 2024 డిసెంబరులో నిర్ణయించారు. మా నాన్న కీప్యాడ్ ఫోనుకు ఇప్పుడు ఆ రకమే వేయిస్తున్నాను.

ఇక బ్రాడ్‌బ్యాండ్ సంగతి. 2024 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉన్న ట్రాయ్ సేవా నాణ్యత నియమావళి ప్రకారం, ఆపమని అడిగిన ఏడు పనిదినాల్లో కనెక్షన్ ఆపాలి, 45 రోజుల్లో డిపాజిట్ తిరిగి ఇవ్వాలి. అంతకుముందు డిపాజిట్‌కు 60 రోజుల గడువు ఉండేది. మా విషయంలో శనివారాలు వదిలేసి లెక్కపెట్టినా జూన్ 17 నాటికి కనెక్షన్ ఆగిపోయి ఉండాలి. నియమం బాగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ అది ఎవరి మీద, ఎవరి కోసం ఉందో చూస్తే లోపం తెలుస్తుంది. ఇవి సంస్థ మొత్తం పనితీరును కొలిచే ప్రమాణాలు. ఎన్ని అభ్యర్థనలు వచ్చాయి, ఎన్ని గడువులో పూర్తయ్యాయి అని కంపెనీయే లెక్కగట్టి నివేదిక పంపుతుంది. మా నాన్న అభ్యర్థన “వినియోగదారుడు కొనసాగడానికి ఒప్పుకున్నాడు” అని ముగిసినప్పుడు, అలాంటి నివేదికలో అది ఆలస్యమైన కేసుగా ఎలా కనిపిస్తుంది? ఒకవేళ ప్రమాణం తప్పినట్టు తేలి జరిమానా పడినా, అందులో ఒక్క రూపాయి తెనాలి ఇంటికి రాదు. విడివిడి ఫిర్యాదులను ట్రాయ్ స్వయంగా పరిష్కరించదు కూడా. వాటిని కంపెనీకి పంపుతుంది, అంతే. నంబరు పోర్టింగులో మధ్యవర్తి ఉన్నాడు, కోడ్ ఉంది, తిరస్కరణకు గీసిన గిరి ఉంది. ఇంటికి వచ్చే ఫైబర్ తీగకు ఈ మూడూ లేవు. ఒకే కంపెనీ, ఒకే వినియోగదారుడు, ఒకే నియంత్రణ సంస్థ అయినా, ఒక సేవ నుంచి బయటపడడం ఎస్సెమ్మెస్ అంత తేలిక, ఇంకో సేవ నుంచి బయటపడడం ఐదు నెలల పని.

ఆ కంపెనీ యాప్‌ను నేను ఫోనులో తెరిచి ఒక సాయంత్రమంతా చూశాను. మొదటి తెర మీదే కొత్త కనెక్షన్ బొత్తం ఉంది. ప్లాన్ పెంచుకోవడానికి ఒకటి, స్నేహితులను చేర్పించడానికి ఒకటి, ఓటీటీ జోడించుకోవడానికి ఒకటి ఉన్నాయి. ఆపడానికి మాత్రం ఏ తెర మీదా ఏమీ లేదు. సహాయం అన్న చోట కనెక్షన్ తీసేయాలని టైపు చేస్తే, “మీ వేగం తగ్గిందా?” అన్న జవాబు వచ్చింది. ఆన్‌లైన్ అమ్మకాల్లో వినియోగదారుణ్ణి తప్పుదారి పట్టించే పద్ధతుల మీద కేంద్రం 2023 నవంబరు 30న మార్గదర్శకాలు విడుదల చేసింది. వాటిలో పేర్కొన్న పదమూడు పద్ధతుల్లో చందా ఉచ్చు ఒకటి. చెల్లింపు సేవను రద్దు చేసుకోవడం అసాధ్యంగానో, చిక్కులమారిగానో చేయడం, రద్దు చేసే మార్గాన్ని కనబడకుండా దాచడం ఆ నిర్వచనంలోకే వస్తాయి. బ్రాడ్‌బ్యాండ్ యాప్‌లకు ఈ కొలత పెట్టి చూడవలసిన సమయం ఎప్పుడో వచ్చింది.

కంపెనీల వైపు నుంచి చెప్పే మాటలను నేను కొట్టిపారేయడం లేదు. గోడకు రంధ్రం వేసి, స్తంభం నుంచి ఇంటిదాకా తీగ లాగి, రౌటర్ బిగించడానికి ఖర్చవుతుంది. ఏడాది ఉంటారన్న నమ్మకంతోనే ఇన్‌స్టలేషన్ చార్జీ మాఫీ చేస్తారు. రెండో నెలలోనే వెళ్లిపోయేవారి నుంచి ఆ ఖర్చులో కొంత రాబట్టుకోవాలనుకోవడం న్యాయమే. అయితే ఆ మొత్తం ఎంతో చేరేరోజే తెలుగులో, అంకెల్లో చెప్పాలి. నెలలు గడిచేకొద్దీ అది తగ్గుతూ పోవాలి. పదకొండు నెలలు అద్దె కట్టినవాడూ, రెండు నెలలు కట్టినవాడూ ఒకే మొత్తం కట్టడంలో ఖర్చు రాబట్టుకునే ఉద్దేశం లేదు, కదలకుండా కట్టేసే ఉద్దేశమే ఉంది. ఆరు నెలలకో ఏడాదికో ముందే డబ్బు కట్టించుకుని, మధ్యలో మానేస్తే ఒక్క రూపాయి తిరిగి ఇవ్వబోమనే షరతునూ ఇలాగే చూడాలి. ఇచ్చిన తగ్గింపును వెనక్కి తీసుకుని మిగతాది ఇవ్వడంలో కంపెనీకి పోయేదేమీ లేదు. మా నాన్న మూడేళ్లు ఉన్నారు. ఆయన విషయంలో రాబట్టుకోవలసిన ఖర్చే మిగల్లేదు.

2019 వినియోగదారుల రక్షణ చట్టం అన్యాయమైన ఒప్పందం అంటే ఏమిటో మొదటిసారి నిర్వచించింది. మితిమీరిన డిపాజిట్లు, జరిగిన నష్టానికి పొంతనలేని జరిమానాలు, ఒక పక్షమే సరైన కారణం లేకుండా ఒప్పందాన్ని తెంచుకునే వీలు, వినియోగదారుడి మీద మోపే అసమంజసమైన షరతులు అందులోకి వస్తాయి. మంచి నిర్వచనమే. కానీ ఆ పేరుతో వేసే ఫిర్యాదును జిల్లా వినియోగదారుల కమిషన్ వినదు, రాష్ట్ర కమిషన్‌కే వెళ్లాలి. రెండు వేల రూపాయల బిల్లు కోసం ఎంతమంది అంత దూరం వెళ్తారు? అందుకే ఇలాంటి తగాదాలో ఫిర్యాదు రాసేవారు ఒప్పందంలోని షరతు మీద కాక, ఆపమన్నాక ఆపకపోవడం సేవాలోపమన్న దాని మీద నిలబడడం మేలు. సేవాలోపం ఫిర్యాదును జిల్లా కమిషన్ తీసుకుంటుంది. మనం ఉండే జిల్లాలోనే వేయవచ్చు, సేవకు కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే రుసుము లేదు, న్యాయవాది లేకుండా మనమే వాదించుకోవచ్చు, ఆన్‌లైన్‌లో దాఖలు చేయవచ్చు. రెండేళ్ల లోపు వేయాలన్నది మాత్రం మరిచిపోకూడదు.

ఈ తలుపు కూడా మనకు తేలికగా తెరుచుకోలేదు. కేరళ నుంచి వచ్చిన ఒక టెలిఫోన్ బిల్లు కేసులో 2009 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు, 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టంలో ఇలాంటి తగాదాలకు మధ్యవర్తిత్వం రాసి ఉంది కాబట్టి వినియోగదారుల ఫోరాలకు (ఇప్పటి కమిషన్లకు) వెళ్లడానికి వీల్లేదని చెప్పింది. తంతి తీగలు వేస్తున్న కాలంలో పుట్టిన చట్టాన్ని చూపించి ఆ తరవాత ఎన్నో ఫిర్యాదులను గుమ్మంలోనే ఆపేశారు. అహ్మదాబాదులో ఒక పోస్ట్‌పెయిడ్ వినియోగదారుడికి సగటున నెలకు 555 రూపాయలు వచ్చే బిల్లు, 2013 నవంబరు 8 నుంచి డిసెంబరు 7 వరకు ఉన్న నెలకు 24,609 రూపాయల 51 పైసలు వచ్చింది. ఆయన 2014లో జిల్లా ఫోరానికి వెళ్తే, కంపెనీ ఆ 2009 తీర్పునే అడ్డం పెట్టింది. ఏ తలుపు తట్టాలన్న ఒక్క ప్రశ్న మీద ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2022 ఫిబ్రవరి 16న జస్టిస్ చంద్రచూడ్ రాసిన తీర్పు, టెలిగ్రాఫ్ చట్టంలోని మార్గం ఉన్నా వినియోగదారుల చట్టం కింద వెళ్లే హక్కు పోదని తేల్చింది. టెలిగ్రాఫ్ చట్టం స్థానంలో తెచ్చిన 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం కూడా ఆ హక్కుకు భంగం లేదని స్పష్టంగా రాసుకుంది. ఫోన్ కంపెనీల మీద కేసు చెల్లదని ఇప్పటికీ చెప్పేవారు ఉన్నారు. అది 2022కు ముందు మాట.

మేము కమిషన్ దాకా వెళ్లలేదు. ప్రతి టెలికాం కంపెనీలోనూ కస్టమర్ కేర్ పైన ఒక అప్పీలు అధికారి ఉండాలని 2012 నాటి ట్రాయ్ నియమావళి చెబుతోంది. కస్టమర్ కేర్ ఇచ్చిన జవాబుతో తృప్తి లేకపోయినా, గడువులోగా జవాబే రాకపోయినా 30 రోజుల్లో ఆ అధికారికి రాసుకోవచ్చు. ఖర్చు లేదు. 39 రోజుల్లో తేల్చాలి. బిల్లుల మీద సెప్టెంబరులో పెట్టిన ఫిర్యాదుకు, కట్టి తీరాలన్న జవాబు రాగానే అక్టోబరు మొదటివారంలో అప్పీలు పంపాను. అందులో వాదన పెద్దగా లేదు. జూన్ 6 తేదీ, ఉదయం 10.20, ఫిర్యాదు నంబరు, క్యాలెండరు గడి ఫోటో, ఆ నిమిషంలో ఫోన్ చేసినట్టు నాన్న ఫోనులోని కాల్ జాబితా ఫోటో, మూడు బిల్లులు, జూన్ 12 తరవాత ఆ కనెక్షన్ మీద ఒక్క ఎంబీ డేటా కూడా వాడలేదని వాళ్ల యాప్‌లోనే కనిపిస్తున్న పేజీ. ఈ చివరి కాగితం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. వినియోగదారుడు కొనసాగడానికి ఒప్పుకున్నాడని రాసుకున్న కంపెనీ దగ్గరే, అతను ఆ తరవాత ఒక్కరోజు కూడా వాడలేదన్న లెక్క ఉంది. దాన్ని వాళ్లు చూసుకోలేదు, మనం చూపించవలసి వచ్చింది. ఇరవై ఆరు రోజులకు జవాబు వచ్చింది. మూడు బిల్లులూ రద్దు చేశారు, డిపాజిట్ ఇస్తామన్నారు.

మేము చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి. ఫోనులో చెప్పి ఊరుకున్నాం. నోటిమాటకు నంబరు వచ్చింది గానీ, ఆ నంబరు వెనక ఏమి రాసుకున్నారో మనకు కనబడదు. ఆ రోజే ఒక ఈమెయిల్‌లో, ఫలానా తేదీ నుంచి సేవ అక్కర్లేదు, రౌటర్ ఫలానా చోట సిద్ధంగా ఉంది అని రెండు వాక్యాలు రాసి ఉంటే, దాన్ని “కొనసాగడానికి ఒప్పుకున్నాడు” అని మార్చడం అంత తేలిక అయ్యేది కాదు. మరో విషయం, కార్డు నుంచో యూపీఐ నుంచో బిల్లు ఆటోమేటిగ్గా కట్ అయ్యేలా పెట్టుకున్నవారు ఆ అనుమతిని ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు. డబ్బు కట్ అయ్యే 24 గంటల ముందు సందేశం రావాలని రిజర్వు బ్యాంకు నియమం 2021 అక్టోబరు నుంచి ఉంది. కానీ అనుమతి రద్దు చేస్తే కనెక్షన్ ఆగిపోయినట్టు కాదు. చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు. డబ్బు కట్టడం మానేస్తే కంపెనీ దృష్టిలో అది బకాయి. లిఖితంగా ఆపమని చెప్పడం ముందు, అనుమతి రద్దు ఆ తరవాత. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివారు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

అయితే ప్రతి ఇంట్లోనూ లెక్కల మాస్టారి క్యాలెండరు ఉండాలని ఆశించడం న్యాయం కాదు. మా పిన్ని కొడుకు లండన్‌లో ఉంటాడు. కిందటేడు ఇంటర్నెట్ కంపెనీ మార్చుకున్నప్పుడు పాత కంపెనీకి ఒక్క ఫోన్ కూడా చేయలేదని చెబితే నేను నమ్మలేదు. బ్రిటన్‌లో 2024 సెప్టెంబరు 12 నుంచి అదే పద్ధతి. కొత్త కంపెనీకి చెబితే చాలు, పాతదాన్ని ఆపించే పని వాళ్లదే. మారిన రోజు తరవాత నోటీసు కాలం పేరుతో పాత కంపెనీ అద్దె అడగకూడదు. మన పోర్టింగ్ పద్ధతి నడిచేదీ ఈ సూత్రం మీదే. పదిహేనేళ్లుగా మొబైల్‌లో నడుపుతున్నదాన్ని ఇంటి ఇంటర్నెట్‌కు తేవడానికి మనం కొత్తగా కనిపెట్టవలసింది పెద్దగా లేదు. నాన్నలా వేరే కంపెనీకి మారకుండా పూర్తిగా మానేసేవారి కోసం మాత్రం ఇంకొంచెం కావాలి. చేరే బొత్తం ఉన్న తెర మీదే ఆపే బొత్తం ఉండాలి. అది నొక్కిన తేదీతో ఒక రశీదు రావాలి. రౌటర్ తీసుకెళ్లడానికి కంపెనీకి గడువు పెట్టి, ఆ గడువు దాటితే డిపాజిట్ ఆపే హక్కు పోవాలి. డిపాజిట్ ఆలస్యమైన ప్రతిరోజుకూ జరిమానా ప్రభుత్వానికి కాక నేరుగా ఆ వినియోగదారుడి ఖాతాలో పడాలి. అపార్ట్‌మెంటు సంఘాలు ఒకే కంపెనీతో ఒప్పందం చేసుకుని రెండోదాన్ని గేటు దాటనివ్వని చోట్ల ఇవేవీ పూర్తిగా పనిచేయవని తెలుసు. అక్కడ వదిలిపెట్టే హక్కు ఉన్నా వెళ్లే చోటు ఉండదు. అది వేరే పోరాటం.

కార్తీకమాసంలో తెనాలి వెళ్లినప్పుడు రౌటర్ తీసుకెళ్లడానికి ఆ కుర్రాడే వచ్చాడు. అటక మీంచి తువ్వాలు మూట దించి విప్పి ఇచ్చాను. తీసుకున్నట్టు కాగితం ఏదైనా ఇవ్వమంటే, తమ దగ్గర అలాంటి కాగితం ఉండదన్నాడు. నాన్న తన నోటుబుక్కులోంచి ఒక పేజీ చించి, రౌటర్ వెనక అంటించిన సీరియల్ నంబరు చదివించుకుని రాసి, తేదీ వేసి, అతని చేత సంతకం చేయించారు. జూన్‌లో ఎందుకు రాలేదని నేను అడిగాను. అతను తలొంచుకుని, “కొత్త కనెక్షన్ పెడితే మాకు కమిషన్ ఉంటుంది మేడమ్. తీసుకురావడానికి ఏమీ ఇవ్వరు. పెట్రోలు కూడా మాదే. ఆ నెల ఇలాంటివి పద్దెనిమిది ఉన్నాయి నా పేరు మీద” అన్నాడు. నాన్న ఆ కాగితం వెనక పద్దెనిమిది అని రాసుకుని, మడిచి, జూన్ 6 గడి ఉన్న క్యాలెండరు పేజీతో కలిపి ఫైల్లో పెట్టారు.